పెళ్లి ఖర్చు వాటా కిందకు వస్తుందా? స్త్రీధనం, పావు వంతు, వెయ్యేళ్ల నాటి ఒక తగాదా

విశాఖలో ఏ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గరైనా ఒక పూట నిలబడితే ఈ దృశ్యం కనిపిస్తుంది. ఆనందపురం వైపో భీమిలి వైపో తండ్రి వదిలి వెళ్లిన పొలం ఉంటుంది. ఇన్నాళ్లూ జీడిమామిడి తోటగా పడి ఉన్న ఆ నేలకు ఇప్పుడు రేటు వచ్చింది, అన్నదమ్ములు అమ్మేద్దామనుకున్నారు. కొనేవాళ్ల లాయరు లింకు డాక్యుమెంట్లు తిరగేసి, ఆడపిల్లల సంతకాలు కూడా ఉంటేనే ముందుకు వెళ్దాం అంటాడు. అప్పుడు గాజువాక నుంచి అక్క, నర్సీపట్నం నుంచి చెల్లి వస్తారు. విడుదల దస్తావేజు అప్పటికే టైపు చేసి ఉంటుంది. లోగడ పెళ్లి ఖర్చుల కింద, పసుపు కుంకుమల కింద తమకు ముట్టవలసింది ముట్టింది కాబట్టి సదరు ఆస్తిలో ఇక తమకు ఏ హక్కూ లేదు అనే అర్థం వచ్చే ఒక వాక్యం అందులో తప్పకుండా ఉంటుంది. ఫోటో, వేలిముద్ర, సంతకం, మధ్యాహ్నం భోజనాల వేళకు పని అయిపోతుంది. ఇంటికి తీసుకెళ్లి చీర పెట్టి, చేతిలో కాస్త డబ్బు పెట్టి పంపిస్తారు.

ఆ ఒక్క వాక్యం చాలా పాతది. పెళ్లి చేసి పంపామంటే వాటా ఇచ్చినట్టేనా అనే ప్రశ్న మీద మన ధర్మశాస్త్ర వ్యాఖ్యాతలు వెయ్యేళ్ల కిందటే గట్టిగా కొట్లాడుకున్నారు. రెండు పక్షాలుగా విడిపోయి, ఒకరి అర్థాన్ని ఇంకొకరు పేరు పెట్టి ఖండించుకున్నారు. ప్రాచీన హిందూ న్యాయంలో స్త్రీ స్థానం గురించి మాట్లాడాలంటే ఈ తగాదా దగ్గర మొదలుపెట్టడమే మంచిది, ఎందుకంటే మామూలుగా మొదలుపెట్టే చోట మొదలుపెడితే చర్చ ఎటూ పోదు.

మామూలుగా మొదలుపెట్టే చోటు అందరికీ తెలిసిందే. ఒకరు మనుస్మృతి మూడో అధ్యాయం తీసి "యత్ర నార్యస్తు పూజ్యంతే" అంటారు. స్త్రీలను ఎక్కడ గౌరవిస్తారో అక్కడ దేవతలు సంతోషిస్తారు అని. ఇంకొకరు అదే పుస్తకం తొమ్మిదో అధ్యాయం తీసి చిన్నప్పుడు తండ్రి, వయసులో భర్త, ముసలితనంలో కొడుకులు కాపాడతారు, "న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి" అంటారు. రెండు శ్లోకాలూ నిజంగానే ఉన్నాయి. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఆ మాటకొస్తే భార్య, కొడుకు, దాసుడు ఈ ముగ్గురికీ సొంత ధనం లేదు, వాళ్లు సంపాదించింది వాళ్లు ఎవరి వాళ్లో వారిదే అని ఎనిమిదో అధ్యాయంలో చెప్పిన ఆ పుస్తకమే, స్త్రీకి సొంతమైన ఆరు రకాల ధనం గురించి తొమ్మిదో అధ్యాయంలో చెప్తుంది. ఒక శ్లోకం పట్టుకుని పరువు నిలబెట్టడం, ఒక శ్లోకం పట్టుకుని పరువు తీయడం రెండూ తేలికే. ఆమె చేతిలో ఏముంది, దాన్ని ఎవరు తీసుకోవచ్చు, తీసుకుంటే ఏం శిక్ష, ఆమె తర్వాత అది ఎవరికి వెళ్తుంది అన్నవి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఇంకో విషయం కూడా ముందే చెప్పుకోవాలి. ప్రాచీన హిందూ న్యాయం అంటే ఒక్క గ్రంథం కాదు. గౌతముడు, బౌధాయనుడు లాంటి వాళ్ల ధర్మసూత్రాలు ముందు వచ్చాయి. తర్వాత మను, యాజ్ఞవల్క్య, నారద, కాత్యాయన స్మృతులు, వాటి పక్కన కౌటిల్యుడి అర్థశాస్త్రం, వాటి తర్వాత వందల ఏళ్లకు వ్యాఖ్యలు, స్మృతి వాక్యాల్ని విషయాల వారీగా కూర్చిన నిబంధ గ్రంథాలు. కోర్టుల్లో పనికొచ్చింది చాలావరకు ఈ చివరి వరసే. మన వైపు ముఖ్యంగా మితాక్షర, అంటే యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య. కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలంలో, అంటే పదకొండో శతాబ్దం చివర, పన్నెండో శతాబ్దం మొదట్లో రాసింది. పదమూడో శతాబ్దంలో తిక్కన కాలం వాడైన కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయం అని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కాబట్టి మితాక్షర మనకు ఎక్కడో దూరపు సంస్కృత గ్రంథం కాదు. దీంతోపాటు దేవణ్ణభట్టు స్మృతిచంద్రిక, విజయనగర కాలపు పరాశరమాధవీయం, గజపతి ప్రతాపరుద్రుడి పేరిట వచ్చిన సరస్వతీ విలాసం, ఇవన్నీ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కోర్టుల్లో ప్రమాణాలయ్యాయి. విశాఖపట్నం జిల్లా ఆ ప్రెసిడెన్సీలోదే కనుక ఇక్కడి ఆడవాళ్ల ఆస్తి కేసులకూ అప్పట్లో ఇవే ప్రమాణం.

ఇక స్త్రీధనం. మనువు చెప్పిన ఆరు ఇవి: పెళ్లిలో అగ్ని ముందు ఇచ్చింది, అత్తవారింటికి పంపేటప్పుడు ఇచ్చింది, భర్త ప్రేమతో ఇచ్చింది, అన్నదమ్ములు ఇచ్చింది, తల్లి ఇచ్చింది, తండ్రి ఇచ్చింది. మన అప్పగింతలప్పుడు ఇచ్చేవి, సారెతో పాటు పంపేవి అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. కాత్యాయనుడు ఇంకా వివరంగా వెళ్లాడు. బంధువులు ప్రేమతో ఇచ్చినదానికి సౌదాయికం అని పేరు పెట్టి, దాన్ని ఆమె అమ్ముకోవచ్చు, దానం చేసుకోవచ్చు, అది స్థిరాస్తి అయినా సరే అన్నాడు. భర్తకు గానీ కొడుక్కి గానీ తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ దాన్ని తీసుకునే అధికారం లేదన్నాడు. బలవంతంగా తీసుకుంటే వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలి, పైగా దండన కూడా. మనువు ఇంకో మాట అన్నాడు, బతికి ఉన్న స్త్రీల ధనాన్ని కాజేసే బంధువుల్ని రాజు దొంగల్ని శిక్షించినట్టు శిక్షించాలని.

మినహాయింపు ఉంది. కరువు వచ్చినప్పుడు, తప్పనిసరి ధర్మకార్యానికి, జబ్బు చేసినప్పుడు, భర్తను నిర్బంధించినప్పుడు, ఈ నాలుగు సందర్భాల్లో భర్త వాడుకుంటే తిరిగి ఇవ్వక్కర్లేదని యాజ్ఞవల్క్యుడు చెప్పాడు. ఈ నాలుగూ ఎంత ఇరుకైనవో చూడండి. ఇవాళ కురుపాం మార్కెట్లో కొన్న నగలు ఏడాది తిరగకుండా బ్యాంకులో తాకట్టుకు వెళ్లేది ఎందుకంటే వ్యాపారానికి, ఆడపడుచు పెళ్లికి, అపార్ట్‌మెంట్ అడ్వాన్సుకి. ఇందులో ఒక్కటి కూడా ఆ నాలుగింటిలో లేదు. అమ్మాయి అడిగితే "ఎవరి కోసం, మన ఇంటి కోసమే కదా" అంటారు. పదిహేను వందల ఏళ్ల నాటి స్మృతి ప్రకారం చూసినా అది అప్పే, తీర్చాల్సిందే. సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో స్త్రీధనం భార్యకే పూర్తిగా చెందుతుందని, భర్త, అత్తమామల దగ్గర అది నమ్మకం మీద ఉంచిన సొత్తు మాత్రమేనని, దాన్ని తిరిగి ఇవ్వకుండా కాజేస్తే క్రిమినల్ కేసు పెట్టవచ్చని చెప్పింది. కొత్తగా కనిపెట్టిన హక్కేమీ కాదది.

స్త్రీధనం ఎవరికి వెళ్తుందన్న నియమం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కొడుక్కి వెళ్లదు, ముందు కూతురికే. కూతుళ్లలో కూడా పెళ్లి కానిదానికి మొదట, తర్వాత పెళ్లయినా జరుగుబాటు లేనిదానికి, ఆ తర్వాతే కలిగినింట్లో ఉన్నదానికి. గౌతముడు సూత్రంలోనే అప్రతిష్ఠిత అనే మాట వాడాడు, అంటే నిలకడ దొరకని కూతురు. ఎవరికి అవసరమో వాళ్లకు ముందు అనే ఆలోచన మగవాళ్ల ఆస్తి పంపకాల్లో ఇంత స్పష్టంగా కనబడదు. మన ఇళ్లలో ఇప్పటికీ అమ్మ చంద్రహారం, అమ్మ గాజులు కూతుళ్లే పంచుకుంటారు, కోడళ్లు అడగరు, కొడుకులు నోరెత్తరు. ఎవరూ శాస్త్రం చదివి చేస్తున్నది కాదు, అలవాటులో మిగిలిపోయింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. 1956 హిందూ వారసత్వ చట్టంలో స్త్రీ వీలునామా లేకుండా చనిపోతే ఆమె సొంత సంపాదన మొదట పిల్లలకు, భర్తకు వెళ్తుంది. వాళ్లు లేకపోతే ఆమె కన్న తల్లిదండ్రుల కంటే ముందు భర్త తరపు వారసులకు వెళ్తుంది. బ్యాంకు ఉద్యోగం చేసి కొన్న ఫ్లాటు, తల్లి బతికి ఉండగానే, మరిది పరం అయ్యే వీలుంది. కొత్త చట్టం అన్ని చోట్లా పాతదానికంటే మెరుగు అనుకోవడం ఈ ఒక్క సెక్షన్ దగ్గర తప్పుతుంది, దీన్ని మార్చాల్సిన అవసరం ఎప్పటి నుంచో ఉంది.

ఇప్పుడు పావు వంతు సంగతికి వద్దాం. తండ్రి పోయాక అన్నదమ్ములు పంచుకునేటప్పుడు పెళ్లి కాని అక్కచెల్లెళ్లకు తమ తమ వాటాల్లోంచి నాలుగో వంతు ఇవ్వాలి, ఇవ్వడానికి ఇష్టపడనివాళ్లు పతితులవుతారు, "పతితాః స్యురదిత్సవః" అని మనువు. యాజ్ఞవల్క్యుడూ అదే చెప్పాడు. శ్లోకం స్పష్టంగానే ఉంది. కానీ వ్యాఖ్యాతల్లో ఒక వర్గం, భారుచి లాంటి వాళ్లు, ఇది నిజమైన వాటా కాదు, పెళ్లి చేయడానికి ఎంత అవుతుందో అంత ఇమ్మని మాత్రమే అర్థం అన్నారు. అసహాయుడు, మేధాతిథి ఒప్పుకోలేదు. పావు అంటే పావే అన్నారు. విజ్ఞానేశ్వరుడు ఈ రెండో పక్షంలో నిలబడి, భారుచి అర్థం సరికాదని, ఇవ్వకపోతే పాపం అని శాస్త్రం చెప్పినప్పుడు అది అన్నదమ్ముల దయాధర్మం ఎలా అవుతుందని వాదించాడు. అక్కడితో ఆగకుండా లెక్క కూడా వేసి చూపించాడు.

ఆ లెక్కను మన నేల మీద పెట్టి చూద్దాం. భీమిలి దగ్గర ఎనిమిది ఎకరాలు, ఒక కొడుకు, పెళ్లి కాని ఒక కూతురు. ముందు ఆస్తిని ఇద్దరికీ సమానం అన్నట్టు రెండు భాగాలు చేయాలి, నాలుగు నాలుగు ఎకరాలు. కూతురి పేరిట వచ్చిన భాగాన్ని మళ్లీ నాలుగు చేసి అందులో ఒకటి ఆమెకు ఇవ్వాలి. ఆమెకు ఎకరం, అతనికి ఏడు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, పన్నెండు ఎకరాలు అయితే మూడు భాగాలు, ఒక భాగంలో పావు, అంటే మళ్లీ ఆమెకు ఎకరమే, మిగతా పదకొండూ అన్నదమ్ములవి. న్యాయంగా ఉందా అంటే లేదు. పెళ్లయిపోయిన కూతురికి ఈ ఎకరం కూడా లేదు. అయినా ఇందులో గట్టి విషయం ఒకటుంది. ఆ ఎకరం వాటా. పెళ్లి ఘనంగా చేశామా లేదా అనేదానితో దానికి సంబంధం లేదు.

మరి మన వైపు ఏమైంది? మితాక్షర ప్రమాణం అని చెప్పుకున్న ఇదే దక్షిణాదిలో ఈ విషయంలో గెలిచింది భారుచి పక్షం. స్మృతిచంద్రిక పెళ్లి ఖర్చు అర్థాన్నే తీసుకుంది. ఆచారం కూడా అటే నడిచింది, కూతురికి హక్కు అంటే పోషణ, పెళ్లి అంతే అని స్థిరపడింది. తల్లి సంగతీ ఇంతే. తండ్రి తర్వాత కొడుకులు పంచుకుంటే తల్లికీ కొడుకుతో సమానంగా ఒక భాగం ఇవ్వాలని యాజ్ఞవల్క్యుడు రాశాడు, విజ్ఞానేశ్వరుడు సమర్థించాడు. ఉత్తరాదిన చాలా చోట్ల అది కోర్టుల దాకా నిలిచింది. దక్షిణాదిన మాత్రం ఆ పద్ధతి వాడుకలో లేకుండా పోయిందని, తల్లికి తిండి బట్టలే తప్ప భాగం లేదని మద్రాసు ప్రెసిడెన్సీలో తేల్చేశారు. గ్రంథం మారలేదు, అందులో స్త్రీకి మేలు చేసే వాక్యాలు మాత్రం పనిచేయడం మానేశాయి. రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ అక్కాచెల్లెళ్లు సంతకం పెట్టే వాక్యం భారుచి వాక్యం. అది టైపు చేసిన రైటరు ఆ పేరు ఎప్పుడూ విని ఉండడు.

వేదవాక్యాన్ని కూడా ఇలాగే వాడారు. స్త్రీలు నిరింద్రియులు (శక్తి లేనివాళ్లు), దాయానికి, అంటే వారసత్వానికి, అర్హులు కారు అనే అర్థం వచ్చే తైత్తిరీయ సంహిత వాక్యం ఒకటుంది. బౌధాయనుడు దాన్ని పట్టుకుని స్త్రీలకు వారసత్వం లేదన్నాడు. ఆ వాక్యం యజ్ఞంలో సోమరసం పంచుకునే సందర్భంలోది, ఆస్తి పంపకాలతో దానికి పని లేదని తర్వాతి పండితులు కొందరు వాదించారు. పరాశరమాధవీయంలోనూ ఆ వాదన ఉంది. అంటే ప్రాచీనులందరూ ఒక్క మాట మీద ఉన్నారనుకోవడం సరికాదు.

భార్య విషయంలో స్మృతుల్లో కనిపించే మంచి నియమాలు రెండు మూడు త్వరగా చెప్పుకుందాం. రెండో పెళ్లి చేసుకునే భర్త, మొదటి భార్యకు అంతకు ముందు స్త్రీధనం ఏమీ ఇచ్చి ఉండకపోతే రెండో పెళ్లికి ఎంత ఖర్చు చేశాడో అంత, ఇచ్చి ఉంటే అందులో సగం ఇవ్వాలి. దీన్ని ఆధివేదనికం అన్నారు. మాట వినే, పని నేర్చిన, కొడుకును కన్న, మంచి మాటలాడే భార్యను వదిలేస్తే ఆస్తిలో మూడో వంతు కక్కించాలి, ఆస్తి లేనివాడైతే పోషణ. ఇన్ని విశేషణాలు తగిలించడంలోనే అసలు ఇబ్బంది ఉంది, కొడుకును కనని భార్యకు ఈ మూడో వంతు వర్తిస్తుందా అని వెంటనే ప్రశ్న వస్తుంది. కౌటిల్యుడు ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడనప్పుడు విడిపోవచ్చన్నాడు, మళ్లీ మొదటి నాలుగు రకాల ధర్మవివాహాలకు విడిపోవడం లేదనీ అన్నాడు. భర్త కనిపించకుండా పోయినా, చనిపోయినా, సన్యాసం పుచ్చుకున్నా, నపుంసకుడైనా, పతితుడైనా ఇంకో భర్తను పొందవచ్చని నారదుడి శ్లోకం, అదే పరాశర స్మృతిలోనూ ఉంది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1855లో వితంతు వివాహానికి శాస్త్రసమ్మతం ఉందని నిరూపించడానికి పట్టుకున్న శ్లోకం ఇదే. 1856లో చట్టం వచ్చింది. మన దగ్గర కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. అయితే ఆ 1856 చట్టంలోనే, మళ్లీ పెళ్లి చేసుకున్న వితంతువు మొదటి భర్త ఆస్తిలో హక్కు పోగొట్టుకుంటుందని రెండో సెక్షన్‌లో రాశారు.

వితంతువు వారసత్వం దగ్గర కథ ఇంకా బాధగా ఉంటుంది. కొడుకులు లేని మగవాడి ఆస్తికి వారసుల వరస చెప్తూ యాజ్ఞవల్క్యుడు "పత్నీ దుహితరశ్చైవ" అని భార్యను అందరికంటే ముందు పెట్టాడు, ఆ తర్వాత కూతుళ్లు, ఆ తర్వాతే తల్లిదండ్రులు, అన్నదమ్ములు. మితాక్షర దానికి ఒక షరతు తగిలించింది, భర్త వేరుపడి ఉంటేనే. ఉమ్మడిలో ఉండగా పోతే అతని భాగం అన్నదమ్ముల్లో కలిసిపోతుంది, ఆమెకు మనోవర్తి మాత్రమే. అప్పట్లో ఉమ్మడి కుటుంబాలే ఎక్కువ కాబట్టి, భార్యకు మొదటి స్థానం అని రాసి ఉన్నా చాలామంది వితంతువుల చేతికి వచ్చింది రెండు పూటల తిండే.

ఇక్కడే విజ్ఞానేశ్వరుడు చేసిన ఒక పెద్ద పని గుర్తు చేసుకోవాలి. యాజ్ఞవల్క్యుడు స్త్రీధనం రకాలు చెప్తూ చివర్లో "ఆధివేదనికాద్యం చ" అన్నాడు, ఆధివేదనికం మొదలైనవి అని. కొన్ని పాఠాల్లో ఆ "ఆద్యం" లేదు, "ఆధివేదనికం చైవ" అని ఉంది. విజ్ఞానేశ్వరుడు మొదటి పాఠం తీసుకుని, ఆ "మొదలైనవి"లోకి వారసత్వంగా వచ్చింది, కొనుక్కుంది, పంపకంలో వచ్చింది, దొరికింది అన్నీ వస్తాయన్నాడు. స్త్రీధనం అనేది పారిభాషిక పదం కాదు, మామూలు అర్థంలోనే తీసుకోవాలి, స్త్రీకి ఉన్న ధనమంతా స్త్రీధనమే అన్నాడు. ఒక్క చిన్న మాటను పట్టుకుని అంత పెద్ద తలుపు తెరిచాడు. ఆ దారిన నడిచి ఉంటే వితంతువుకు భర్త నుంచి వచ్చింది ఆమె సొంతమై, ఆమె తర్వాత ఆమె కూతుళ్లకు వెళ్లి ఉండేది.

ఆ తలుపు మూసింది ప్రివీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలంలో మన కేసులకు లండన్‌లో ఉన్న చివరి కోర్టు. వారన్ హేస్టింగ్స్ 1772లో హిందువుల కుటుంబ, వారసత్వ తగాదాలకు శాస్త్రమే చట్టం అని నిర్ణయించాక, 1794లో విలియం జోన్స్ మనుస్మృతి అనువాదం, 1810లో మితాక్షర, దాయభాగం (బెంగాల్‌లో ప్రమాణమైన గ్రంథం) రెండింటి వారసత్వ భాగాలకు కోల్‌బ్రూక్ అనువాదం వచ్చాయి. జడ్జీల పక్కన కూర్చుని శాస్త్రం చెప్పే పండితుల పదవులు 1864లో ఎత్తేశారు. 1867లో భగవాన్ దీన్ దూబే కేసులో ప్రివీ కౌన్సిల్, భర్త నుంచి వారసత్వంగా వచ్చింది స్త్రీధనం కాదు, బతికినంతకాలం అనుభవించడమే అని చెప్పింది. అంతకు ముందే మన తెలుగు నేల నుంచి ఒక కేసు వెళ్లింది, మచిలీపట్నం కలెక్టరుకూ కావలి వెంకటనారాయణప్పకూ మధ్య, 1861లో తీర్పు. వారసులెవరూ లేని ఒక బ్రాహ్మణ వితంతువు చనిపోయింది, ఆస్తి ప్రభుత్వానిది అన్నారు. బతికుండగా ఆమె చేసిన బదలాయింపులు చెల్లుతాయా అన్నది ప్రశ్న. వితంతువు అధికారానికి ఉన్న హద్దులు వెనక వారసులు ఉన్నారా లేరా అన్నదాని మీద ఆధారపడవు, ఆమె హక్కులోనే అంటిపెట్టుకుని ఉన్నాయి అని కోర్టు చెప్పింది. భర్త పరలోక క్షేమానికి, ధర్మకార్యాలకు ఇవ్వడంలో ఆమెకు కాస్త ఎక్కువ స్వేచ్ఛ, లౌకిక అవసరాలకు అమ్మితే మాత్రం తప్పనిసరి అవసరం రుజువు చేయాలి. వెనక అడిగేవాడు ఒక్కడు లేకపోయినా ఆ ఆస్తి పూర్తిగా ఆమెది కాదు! ఇలాంటి హక్కుతో దాదాపు వందేళ్లు తెలుగు వితంతువులు బతికారు. వాళ్లు పొలం అమ్మితే ఇరవై ఏళ్ల తర్వాత ఎవడో దూరపు జ్ఞాతి కోర్టుకెక్కేవాడు, అందుకే కొనేవాళ్లు రేటు తగ్గించి అడిగేవాళ్లు.

ధర్మకార్యం దగ్గర స్వేచ్ఛ ఎక్కువ అన్నది పాత సంగతే. సింహాచలం గుడి శాసనాల్లో పన్నెండో శతాబ్దానికి చెందిన ఒకదానిలో వెలనాటి గొంకరాజు రాణి స్వామివారి విగ్రహానికి బంగారు తొడుగు చేయించిన సంగతి ఉంది. రాణుల్ని చూసి మామూలు ఇళ్ల సంగతి చెప్పలేం. కానీ దేవుడికి ఇచ్చేటప్పుడు స్త్రీ చేతికి అడ్డు తక్కువ అన్నది ఆ శాసనంలోనూ కనిపిస్తుంది, 1861 తీర్పులోనూ కనిపిస్తుంది.

శాస్త్రం స్త్రీకి మేలు చేసే చోట ఆచారం దాన్ని తోసేసిన ఉదాహరణ కావాలంటే ఉమ్మడి విశాఖపట్నం జిల్లా కంటే దగ్గరిది లేదు. కూతురికి తండ్రి రవ్వంత శుల్కం కూడా తీసుకోకూడదు, తీసుకుంటే బిడ్డను అమ్ముకున్నట్టే అని మనువు మూడో అధ్యాయంలో అంటాడు. అలాంటి పెళ్లిని ఆసుర వివాహం అన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో మన జిల్లాలో శాస్త్రం చదివిన బ్రాహ్మణ కుటుంబాల్లోనే ఆ వ్యాపారం సాగింది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఈ పెళ్లిళ్ల పట్టిక తయారుచేయించారు. ఆ లెక్క గురజాడ అప్పారావు 1897లో అచ్చయిన తన కన్యాశుల్కం ముందుమాటలో ఇచ్చారు. మూడేళ్లలో విశాఖపట్నం జిల్లాలో నమోదైన కన్యాశుల్కం పెళ్లిళ్లు 1,034. అందులో ఐదేళ్ల వయసు పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పసికందుల ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. శాస్త్రం వద్దన్నదాన్ని ఇంత బహిరంగంగా చేసినవాళ్లే, వితంతువుకు మళ్లీ పెళ్లి అంటే శాస్త్రం ఒప్పుకోదు అన్నారు. అందుకే "శాస్త్రంలో ఉంది" అనే మాట వినబడినప్పుడల్లా, ఏ శాస్త్రం, ఎవరి వ్యాఖ్య, దాని పక్క శ్లోకం సంగతేమిటి అని అడగడం అవసరం.

తర్వాతి చట్టాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1937 చట్టం వితంతువుకు భర్త భాగం ఇచ్చింది, అదీ జీవితకాలానికే. 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌తో ఆ పరిమిత హక్కును పూర్తి హక్కు చేసింది. ఆ సెక్షన్ ఎంత దూరం వెళ్తుందో తేల్చింది కూడా ఆంధ్ర నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన తులశమ్మ కేసు, 1977లో. మనోవర్తి కింద ఒక వితంతువుకు అనుభవించడానికి మాత్రమే ఇచ్చిన ఆస్తి, ఆమెకు ముందు నుంచీ ఉన్న మనోవర్తి హక్కు వల్ల పూర్తిగా ఆమెదే అయింది అన్నారు. పాత శాస్త్రంలో నీరసంగా మిగిలిన పోషణ హక్కే చివరికి ఆస్తి హక్కుకు పునాది అయింది. 1986లో ఎన్టీ రామారావు ప్రభుత్వం, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన భాగం ఇచ్చింది. పెళ్లి కానివాళ్లకే అన్న ఆ గీత మళ్లీ పావు వంతు శ్లోకంలోదే. 2005 కేంద్ర సవరణ ఆ గీత చెరిపేసింది. 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ తీర్పు, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు కూడా లేదంది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరై ముగిసిన పంపకాలను మాత్రం కదిలించరు.

ఇన్ని వచ్చినా రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సంతకం ఆగలేదు, ఎందుకు? చట్టం తెలియక అనేది సగం జవాబే. ఇవాళ గాజువాక అక్కకి, నర్సీపట్నం చెల్లికి ఫోన్‌లోనే అన్నీ తెలుస్తాయి. అడిగితే పుట్టిల్లు పోతుందనే టెన్షన్ ఆ సంతకం పెట్టిస్తుంది. సంక్రాంతికి పిలుపు ఉండదు, కూతురి పెళ్లిలో మేనమామ వచ్చి నిలబడడు, రేపు భర్తతో పడక వెనక్కి రావాల్సి వస్తే తలుపు తీసేవాళ్లు ఉండరు. తండ్రి, భర్త, కొడుకు కాపాడతారు అన్న ఆ పాత శ్లోకం ఇక్కడ ఇంకా నడుస్తోంది. ఆ ముగ్గురి సరసన అన్నదమ్ములు చేరారు, అంతే. ఆ కాపుదలకు ధర ఆమె వాటా. అన్న మంచివాడు కాదని కూడా కాదు, చాలామంది అన్నలు చెల్లెళ్ల కోసం నిజంగానే ఎంతో చేస్తారు. కానీ అన్న చేసేది అన్న ఇష్టం మీద ఉంటుంది. అన్న ఇష్టం మీద వదలకూడదనే విజ్ఞానేశ్వరుడు ఇవ్వనివాడిని పతితుడన్న శ్లోకాన్ని ఎత్తి చూపించాడు.

పట్నంలో పెళ్లికి ఇరవై లక్షలు పెట్టాం అనే లెక్కను కూడా ఒకసారి విప్పి చూడాలి. అందులో కల్యాణమండపం, భోజనాలు, వీడియో, పెళ్లికొడుకు వైపు లాంఛనాలు, ఇవేవీ అమ్మాయి చేతికి వచ్చినవి కావు. కట్నంగా ఇచ్చింది అయితే అసలు ఇవ్వడమే 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం నేరం, ఎవరు పుచ్చుకున్నా దాన్ని మూడు నెలల్లో అమ్మాయి పేరున మార్చాలని ఆ చట్టం ఆరో సెక్షన్ చెప్తోంది. మార్చిన ఇల్లు వెతికినా దొరకడం కష్టం. అగ్ని ముందు ఇచ్చింది, అప్పగింతల్లో ఇచ్చింది అంటూ మనువు చెప్పిన ఆరింటితో పోల్చి చూస్తే, ఆ ఇరవై లక్షల్లో నిజంగా స్త్రీధనం అయ్యేది ఒంటి మీద బంగారం, సారె సామాను, పేరున వేసిన డిపాజిట్ ఉంటే అది. మిగతాదంతా కుటుంబం తన పరువు కోసం పెట్టిన ఖర్చు, అది ఆమె వాటాలోంచి తీసేయాల్సిన పని లేదు. పసుపు కుంకుమల కింద నిజంగా ఎకరమో అరెకరమో రాసిచ్చిన కుటుంబాలు మన వైపు ఉన్నాయి, అది వేరే సంగతి, అది నిజమైన ఇవ్వడం. దస్తావేజులో రెండింటికీ ఒకే మాట వాడుతున్నారు.

భీమిలి దగ్గర ఆ ఎనిమిది ఎకరాలకే మళ్లీ వస్తే, తల్లి కూడా లేదనుకుంటే, విజ్ఞానేశ్వరుడి లెక్కలో పెళ్లి కాని కూతురికి ఎకరం, ఇప్పటి చట్టంలో పెళ్లయినా కాకపోయినా నాలుగు ఎకరాలు. అందులో ఎంత తీసుకోవాలో, ఎంత అన్నకు వదిలేయాలో ఆమె ఇష్టం, వదిలేస్తానంటే కాదనడానికి ఎవరికీ హక్కు లేదు. అయితే ఆ ఇష్టం కారు దిగి నేరుగా కౌంటర్ దగ్గరకు నడిచిన పది నిమిషాల్లో తేలేది కాదు. దస్తావేజు నకలు వారం ముందే ఆమె చేతికి రావాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, ఆ రోజు మార్కెట్ రేటు అందులో ఉండాలి, పసుపు కుంకుమల కింద ముట్టింది అని రాసిన చోట ఏం ముట్టిందో, ఎంత ముట్టిందో అంకెల్లో రాసి ఉండాలి.